సిగరెట్టు మానే పిల్లవాడికి తోడు



ఉతకడానికి తీసిన చొక్కా జేబులో అగ్గిపెట్టె కనిపిస్తుంది. ట్యూషన్ నుంచి వచ్చిన అబ్బాయి సోంపు నములుతూ, మన పక్కకు రాకుండా సరాసరి స్నానాలగదిలోకి పోతాడు. తల్లికి ఇంతకంటే ఏం చెప్పాలి? అప్పుడు మనం చేసేవి రెండే. "నా మీద ఒట్టు వెయ్యి" అంటాం, లేదా "నాన్నగారికి చెబుతా" అంటాం. దాంతో వాడు మానడు సరిగదా, దాచడం నేర్చుకుంటాడు.

2019లో మన దేశంలో జరిపిన సర్వేలో 13 నుంచి 15 ఏళ్ల బడిపిల్లల్లో నూటికి ఎనిమిది మందికి పైగా ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది. వారిలో ఆడపిల్లలూ ఉన్నారు. కనుక ఇది ఏ ఒక్క ఇంటి అప్రతిష్ఠా కాదు.

సిగరెట్టును పిల్లలు సాధారణంగా నలుగురు స్నేహితుల మధ్యే మొదలుపెడతారు. మానమన్నప్పుడు మాత్రం మనం వాణ్ని ఒంటరిని చేస్తాం. మానిన కొత్తలో చిరాకు, తలనొప్పి, నిద్రపట్టకపోవడం, చదువుమీద మనసు నిలవకపోవడం మామూలే. కొన్ని వారాల్లో అవి తగ్గుతాయి. అది పొగరు కాదమ్మా, నికొటిన్ వదలడం.

అందుకే బడిలో పదిమందితో కలిసి మానే తరగతులు మంచివి. అక్కడ ఉత్త ఉపన్యాసాలు చాలవు. ఏ వేళ తాగాలనిపిస్తోందో రాసుకోవడం, మానే తేదీ పెట్టుకోవడం, స్నేహితుడు అందిస్తే ఎలా వద్దనాలో అభ్యాసం చేయడం ఉండాలి. తాగాలన్న కోరిక కాసేపే ఉంటుంది. ఓ గ్లాసు నీళ్లు తాగి, నాలుగడుగులు నడిస్తే దాటిపోతుంది.

పిల్లలకు ఒకటే భయం: పేరిస్తే టీసీ చేతిలో పెడతారేమోనని. కాబట్టి తల్లులు నలుగురూ కలిసి హెడ్మాస్టరుగారి దగ్గరకు వెళ్లండి. తనంతట తానే వచ్చిన పిల్లవాణ్ని శిక్షించబోమని, పేరు బయటపెట్టబోమని మాట తీసుకోండి. 2003 నాటి చట్టం ప్రకారం బడికి 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదు, 18 ఏళ్లలోపు వారికి ఎక్కడా అమ్మకూడదు. గేటు పక్కన కిళ్లీకొట్టు ఉంటే ఆ సంగతీ కదపండి. బడిలో తరగతులు లేకపోతే ప్రభుత్వంవారి ఉచిత ఫోను 1800-11-2356 ఉంది.

ఇంట్లో పెద్దలు తాగితే, కనీసం పిల్లవాణ్ని సిగరెట్లు తెమ్మని పంపకండి. మానినవాడు ఒకరోజు మళ్లీ తాగి వచ్చినా "నీవల్ల కాదులే" అనకండి. అన్నం పెట్టండి, మర్నాడు మళ్లీ తరగతికి పంపండి.