ఎంపికనాటి ఆట



బడులు తెరిచి, నాట్లు ముగిసి, వానలు కొంత తెరిపి ఇచ్చే రోజులలో మన జిల్లాలో ఒక సందడి బయలుదేరుతుంది. మండలస్థాయి ఆటలు ముగుస్తాయి. జిల్లాస్థాయి ఎంపికలు మొదలవుతాయి. బోధను, వర్ని, కోటగిరి, రుద్రూరు వైపులనుండి పిల్లలు తెల్లవారకముందే లేచి, చేతిసంచిలో ఒక జత బట్టలు, ఒక మంచినీళ్ళ సీసా పెట్టుకొని, వ్యాయామోపాధ్యాయుని వెంట నిజామాబాదు బస్సు ఎక్కుతారు. పదునాలుగేండ్ల లోపువారు, పదునేడేండ్ల లోపువారు, పందొమ్మిదేండ్ల లోపువారు అని మూడు తరగతులు. 1954లో ఏర్పడిన పాఠశాల క్రీడల సమాఖ్య పోటీలలో ఈ విభజన పరిపాటి. వచ్చేవారు వందమంది; కావలసినవారు పన్నెండుగురు. చూచేవారు ముగ్గురో నలుగురో. ఉన్నది ఒక్క పూట.

ఈ లెక్క పిల్లవానికి ముందుగా తెలిసి ఉండాలి. ఎంపికచేసేవారు సర్వజ్ఞులు కారు. కబడ్డీలో ఒక్క కూతకు దొరికే వ్యవధి ముప్ఫై సెకన్లు. ఒక పిల్లవాడు పూటంతా కలిపి నాలుగైదు కూతలకు మించి వెళ్ళడు. ఏడాదిపాటు ఊరి బయట దుమ్ములో ఆడిన ఆటనంతటినీ ఆ రెండు నిమిషాలలోనే చూపించవలసి వస్తుంది. ఇది న్యాయమా అంటే, పూర్తిగా కాదు. అయినా వేరొక మార్గం ఇంకా ఏర్పడలేదు గనుక, ఆ రెండు నిమిషాలకు ఎట్లా సిద్ధపడాలో ఆలోచించుకోవడమే మనకు మిగిలిన పని.

మొదట ఆటతో సంబంధం లేని సంగతి చెబుతాను. మైదానంలో అడుగు పెట్టకముందే వెనుదిరిగే పిల్లలలో చాలామంది దానివల్లనే వెనుదిరుగుతారు. జన్మతేదీ పత్రం, బడినుండి తెచ్చుకోవలసిన ధ్రువపత్రం, ఆధారు నకలు, ఫొటోలు ముందునాటి రాత్రే సంచిలో ఉండాలి. పేరులో ఒక అక్షరం బడి రిజిస్టరులో ఒక తీరుగా, ఆధారులో మరొక తీరుగా ఉంటే నెల ముందే సరిచేయించుకోవాలి. వయస్సు తగ్గించి రాయించే దురభ్యాసం కూడా ఉన్నది. ఏడాది తగ్గిస్తే పిల్లవాడు పైకి వస్తాడని కొందరు తల్లిదండ్రుల భ్రమ. ఎముకల పరీక్షలో ఆ సంగతి బయటపడినప్పుడు దెబ్బ తగిలేది పత్రం రాయించిన పెద్దకు కాదు, పరుగెత్తిన పిల్లకు.

ఇక మైదానం సంగతి. హైదరాబాదు సమీపంలోని హకీంపేటలో 1993 నుండి క్రీడా పాఠశాల నడుస్తున్నది. దానిలో నాలుగవ తరగతి ప్రవేశానికి ఏటా ఎంపిక జరుగుతుంది. ఎనిమిది తొమ్మిదేండ్ల పసివారిని ఏ ఆట వచ్చునని అడిగి లాభం లేదు గనుక అక్కడ శరీరాన్నే పరీక్షిస్తారు. ఎత్తు, బరువు చూస్తారు. ముప్ఫై మీటర్ల వేగపు పరుగు, నిలుచున్న చోటినుండి ముందుకు దూకడం, నిట్టనిలువుగా ఎగరడం, బరువు బంతి విసరడం, పది మీటర్ల దూరాన్ని ఆరుమార్లు అటూ ఇటూ పరుగెత్తడం, నడుము వంపు, ఎనిమిది వందల మీటర్ల పరుగు—ఇవీ ఆ పరీక్షలు. ఇందులో దాదాపు దేనికీ డబ్బు ఖర్చు లేదు. పది మీటర్ల ఎడంలో రెండు రాళ్ళు పెట్టుకుంటే పొలంగట్టు పక్కనైనా అభ్యాసం చేయవచ్చు. అటూ ఇటూ పరుగులో కాలం పోయేది పరుగులో కాదు, మలుపులో. రాయి దగ్గర నిటారుగా నిలిచి తిరిగే పిల్ల వెనుకబడుతుంది. ముందే అడుగులు చిన్నవి చేసి, మోకాళ్ళు వంచి, ఒంటిని కిందికి దించి తిరిగే పిల్ల ముందుంటుంది. పది రోజుల సాధనతో ఈ తేడా కనబడుతుంది.

ఎనిమిది వందల మీటర్లలో పిల్లలు చేసే పొరపాటు ఒక్కటే. ఈల వినగానే ప్రాణం పెట్టి ఉరుకుతారు. మొదటి చుట్టు సగం కాకముందే అందరినీ దాటుతారు. ఆపైన డొక్క పట్టుకొని నడుస్తారు. మొదటి చుట్టు తన పక్కనున్నవానితో మాటాడగలిగినంత నెమ్మదిగా వెళ్ళి, రెండవ చుట్టులో పెంచుకోవాలని ఎవరైనా ఒక్కరు చెప్పి, నాలుగుమార్లు పరుగెత్తించి చూపిస్తే సరిపోతుంది. ఆ ఒక్కరు ఇంట్లోనివారే కావచ్చు.

పెద్ద పిల్లల జట్టు ఆటలలో చూపు మరొకవైపు పోతుంది. బంతి తనవద్ద ఉన్నప్పుడు ప్రతివాడూ ఉత్సాహంగానే ఉంటాడు. అనుభవజ్ఞుడైన శిక్షకుడు బంతి లేనివానివైపు చూస్తాడు. వాలీబాలులో తోటివాడు బంతి తప్పినప్పుడు ఇతడు నడుముపై చేతులు పెట్టుకొని నిలుచున్నాడా, లేక మరుసటి సర్వీసుకు తన చోటికి చేరుకున్నాడా? కబడ్డీలో కూతకు వచ్చినవానిని పట్టవలసిన గొలుసులో తన పక్కవాని చేతిని వదిలాడా? చెప్పిన సూచన ఒక్కసారికే చెవికి ఎక్కిందా? ఇవి నైపుణ్యానికి తరువాతివని అనుకోరాదు. జిల్లా జట్టుకు రాష్ట్రపోటీలకు ముందు శిక్షణకు దొరికేది కొద్ది రోజులు. ఆ కొద్ది రోజులలో నేర్చుకోగల పిల్లవాడు ఎవడన్నదే శిక్షకుని అసలు ప్రశ్న. తన చేతికి వచ్చిన బంతినల్లా తానే కొట్టాలని చూచే పిల్లవాడు తన ఆటను చూపిస్తున్నానని అనుకుంటాడు. చూచేవారికి కనబడేది వాడి భయం.

కొత్త బూట్లను గురించి ఒక మాట. ఎంపికకని ముందునాడు కొనిచ్చిన బూట్లు ఆనాటి ఉదయమే తొడిగితే మధ్యాహ్నానికి మడమ బొబ్బలెక్కుతుంది. పాతవే మేలు. కడుపునిండా పూరీలు తినిపించి పంపే తల్లుల ప్రేమను కాదనలేము గాని, రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు.

ఇంత చేసినా ఎంపిక అనేదే జరగకపోతే? మన ఊరి బిడ్డ చరిత్రలో ఈ ప్రశ్న వచ్చింది. నిజామాబాదులో 1996లో పుట్టిన నిఖత్ జరీన్ మొదట పరుగుపందెం పిల్ల. కలెక్టరు మైదానంలో తండ్రి శిక్షణలో పరుగెత్తుతూ ముష్టియుద్ధంవైపు మళ్ళింది. ఆ ఆటలో అమ్మాయిలు కనబడకపోవడమే ఆమెకు పట్టుదల కలిగించిందని ఆమె చెప్పుకొన్నది. 2011లో టర్కీలో జూనియరు ప్రపంచ విజేత అయింది. 2017లో భుజానికి గాయమై కొంతకాలం ఆటకు దూరమైంది. తరువాత 2019లో, ఒలింపిక్ అర్హత పోటీలకు యాభై ఒక్క కిలోల తరగతిలో పరీక్ష పోటీ లేకుండానే మేరీ కోమ్‌ను పంపాలన్న ఆలోచన వచ్చినప్పుడు, నిఖత్ అప్పటి క్రీడల మంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. ఆమె స్థానం అడగలేదు, పోటీ అడిగింది. ఈ భేదం చాలా పెద్దది. ఆరుమార్లు ప్రపంచ విజేత అయిన మహనీయురాలి ముందు ఒక చిన్న ఊరి పిల్ల పోటీ అడగడం అహంకారమని అన్నవారూ లేకపోలేదు. పోటీ జరిగింది. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో నిఖత్ 9–1 తేడాతో ఓడిపోయింది.

అడిగి సాధించుకున్న ఎంపికలో అంత పెద్ద తేడాతో ఓడడంకంటె కష్టమైన స్థితి మరొకటి ఉండదు. నిఖత్ మరునాడు మళ్ళీ సాధనకు వెళ్ళిందో లేదో నాకు తెలిసే అవకాశం లేదు గాని, 2022 మేలో ఇస్తాంబులులో యాభై రెండు కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయింది. అదే ఏడు బర్మింగ్‌హాములో కామన్‌వెల్త్ స్వర్ణం, 2023లో ఢిల్లీలో రెండవ ప్రపంచ పతకం గెలుచుకున్నది. 2024 పారిస్ ఒలింపిక్సులో పతకం దక్కలేదు.

మలావత్ పూర్ణ ఎంపిక మరొక తీరు. మన జిల్లా పాకాల గ్రామంలోని వ్యవసాయ కూలీల బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. భువనగిరి బండపై ఎక్కడం నేర్పుతూ కొందరిని, తరువాత డార్జిలింగు శిక్షణలో మరికొందరిని వడపోసి, చివరకు ఆమెను, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్‌ను మిగిల్చారు. 2014 మే 25న పదునాలుగేండ్లు నిండకముందే ఆమె ఎవరెస్టు శిఖరంపై నిలిచింది. ఇక్కడ ఎంపిక ఒక్క పూటది కాదు, నెలలతరబడి సాగినది. బండ జారినప్పుడు, చలి కొరికినప్పుడు పిల్ల ఏమి చేస్తుందో చూడడానికి గురువులకు కాలం దొరికింది. ఎంపిక అంటే ఇట్లా ఉండాలని నా అభిప్రాయం. జిల్లా ఆటలలో కనీసం రెండు రోజులైనా పిల్లలను చూడగలిగితే ఎంతో మేలు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. గీత బయట నిలుచుండి కేకలు వేయవద్దు. పిల్లవాడు శిక్షకుని మాట వినాలా, తండ్రి మాట వినాలా తెలియక రెండింటి నడుమ నిలిచిపోతాడు. మధ్యలో ఎవరో పెద్దమనిషి చేత సిఫారసు చేయించడం మరీ చెరుపు. దానివల్ల స్థానం వచ్చినా రాకపోయినా, తోటి పిల్లలు ఏడాదంతా ఆ మాటే గుర్తుపెట్టుకుంటారు.

సాయంకాలం పేర్లు చదువుతారు. పేరు రాని పిల్లవానిని తిరుగు బస్సులో ఏమీ అడగవద్దు. రెండు రోజులు గడిచిన తరువాత వ్యాయామోపాధ్యాయుని ద్వారా శిక్షకునికి ఒక్క ప్రశ్న వేయించండి: “మా వానికి ఏది తక్కువైంది సార్?” కొందరు చెప్పరు. చెప్పేవారు మాత్రం ఒక్క ముక్కలో చెబుతారు: ఎడమకాలు పని చేయడం లేదనో, దమ్ము చాలలేదనో. ఆ ముక్కను నోటు పుస్తకంలో తేదీ వేసి రాసి పెట్టుకోవాలి. పై ఏటి ఎంపికలకు ఇంకా పది పదకొండు నెలలు ఉంటాయి.