పాదములు మోయు బరువు

పెండ్లి పందిరి వాకిట విడిచిన చెప్పులను కొంచెము పరీక్షగా చూచినచో, ఎవరి పాదము ఎంత శ్రమపడుచున్నదో కొంతవరకు తెలియును. చాల చెప్పులకు మడమ వెలుపలి అంచు అరిగియుండును; అది సహజమే. కొన్నింటికి మాత్రము లోపలి అంచు అరిగి, అట్ట లోనికి ఒరిగియుండును. అట్టి చెప్పులు తొడుగువారి అరికాలి వంపు క్రుంగుచున్నదేమో యని అనుమానింపవచ్చును. వంపు క్రుంగుటకు కారణములు పెక్కు గలవు. వానిలో అధిక దేహభారమును గూర్చి నేడు ముచ్చటింతుము.

ఒక్కొక్క పాదమున 26 ఎముకలు, 33 కీళ్లు గలవు. కండరములు, స్నాయువులు, బంధనములు కలిసి నూరింటికి పైబడును. మడమ ఎముకనుండి వ్రేళ్ల మొదళ్లవరకు అరికాలి క్రింద ఒక గట్టి పట్టీ సాగియున్నది. దానిని వైద్యులు ప్లాంటార్ ఫేషియా యందురు. వింటికి అల్లెత్రాడు ఎట్టిదో పాదపు వంపునకు ఈ పట్టీ అట్టిది. ఇక మడమ క్రింద దెబ్బను ఓర్చుకొనుటకు కొవ్వుతో నిండిన మెత్త యొకటి ఉన్నది.

నిలుచున్నపుడు దేహభారము రెండు పాదములకును పంచబడును. నడచునపుడట్లు కాదు. అడుగడుగున ఒంటి పాదముమీద శరీరపు బరువునకు ఇంచుమించు 1.2 రెట్లు పడును. పరుగిడునపుడు రెండు మూడు రెట్లు పడును. ఈ లెక్కను కొంచెము సాగదీసి చూతము. ఒకరు 5 కిలోలు అధికముగా పెరిగిరనుకొందము. అడుగునకు 6 కిలోల అదనపు బరువు. దినమునకు 5,000 అడుగులు వేసినచో మొత్తము 30,000 కిలోలు, అనగా 300 క్వింటాళ్లు! ధాన్యపు కొట్టులో హమాలీలైనను ఇంత బరువును కూలి లేక మోయరు.

ఇట్లు లాగబడిన అల్లెత్రాడు మడమ యొద్ద దెబ్బతినును. ప్రొద్దున మంచము దిగి తొలి అడుగు వేయగనే మడమలో మేకు దిగినట్లు పోటు. నాలుగడుగులు వేయగా తగ్గును, సాయంకాలమునకు మరల తలయెత్తును. ఎక్స్‌రే తీయించినచో ఒక్కొక్కప్పుడు మడమ ఎముకకు చిన్న మొన కనబడును. దానిని చూచి బెదరనక్కరలేదు. నొప్పి యెరుగని వారిలో సైతము అట్టి మొన యుండును. పిక్కలను, అరికాలి పట్టీని నిత్యము మెల్లగా సాగదీయుట, మెత్తని అట్టగల చెప్పులు తొడుగుట, బరువు తగ్గించుకొనుట: వీనితో చాలమందికి కొన్ని నెలలలో నయమగును. సూదిమందుకై తొందరపడుట మాకు సమ్మతము కాదు.

నొప్పి వలన నడక మానుదురు. నడక మానుటచే బరువు పెరుగును. బరువుచే నొప్పి ముదురును. ఈ చిక్కును విప్పుట యెట్లు? పాదము కుదుటపడువరకు సైకిలు త్రొక్కవచ్చును, ఈదవచ్చును, కుర్చీలో కూర్చుండి వ్యాయామము చేయవచ్చును. పైగా కొవ్వు వట్టి మూట కాదు. అది వాపును ప్రేరేపించు పదార్థములను రక్తములోనికి విడుచును.

ఇది కొద్దిమంది గొడవ యనుకొనరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువు గలవారుగా తేలిరి. మునుపు కట్టెల పొయ్యి ముందు పీట వేసికొని వండెడివారు. నేడు గ్రానైటు గట్టు ముందు, రాతినేలపై, వట్టి కాళ్లతో గంటల తరబడి నిలుచుచున్నారు. వంటింట చెప్పులా యని పెద్దలు ముక్కున వ్రేలిడుదురు గాక! వీధి చెప్పులు వేరు, ఇంటి చెప్పులు వేరు. అదియును రుచింపనిచో గట్టు ముందు మందపు రబ్బరు పట్టాయైనను పరచుకొనవలెను.

నొప్పి కన్న భయంకరమైనది నొప్పి లేకపోవుట. స్థూలకాయము మధుమేహమునకు దారితీయును. మధుమేహము పాదముల నరములను మొద్దుబార్చును. అపుడు ముల్లు గ్రుచ్చుకొన్నను, ఎండకు కాగిన బండపై చర్మము బొబ్బలెక్కినను తెలియదు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల పాదములు మాంసము తనంతట కుళ్లుటచే గాక, స్పర్శ లేనందున తగులు దెబ్బలచే పాడగుచున్నవని గ్రహించెను. ఆ రోగుల కొరకు వాడుకలోనికి వచ్చిన మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులే నేడు మధుమేహ రోగులకును ఉపకరించుచున్నవి. అలిపిరినుండి తిరుమలకు 3,500కు పైగా మెట్లు గలవు. కాలినడకన, చెప్పులు లేక ఎక్కుదునని మ్రొక్కుకొన్న మధుమేహ రోగి, ముందుగా వైద్యునికి పాదములు చూపి, స్పర్శ యున్నదో లేదో తెలిసికొనవలెను. స్వామి కొండపై నిలిచియే యుండును, తొందరలేదు.

స్పర్శ తగ్గినవారు ప్రతి సాయంకాలము పాదములు కడిగి, వ్రేళ్ల సందులు తుడిచి, అరికాలిని చూచుకొనవలెను. పొట్ట అడ్డమై వంగలేనివారు అద్దమును నేలపై పెట్టి చూచుకొనవచ్చును. చూపు ఆననిచో మనుమనినో, మనుమరాలినో పిలిచి చూపించుకొనవచ్చును. క్రొత్త చెప్పులు కొనుటకు కూడ సాయంకాలమే పోవలెను. పగలంతయు తిరిగిన పాదము ఆ వేళకు కొంచెము ఉబ్బియుండును. ఉదయము సరిపోయిన చెప్పు అప్పుడు బిగువగును.