గిటారు – మ్రాను, నాదము



బొబ్బిలి వీణను మీలో పలువురు చూచియుందురు. పనసమ్రానును తొలిచిన కుండ, దానిపై పలక, పలకపై గుఱ్ఱము, గుఱ్ఱముపై తీగలు. నేడు నేను చెప్పబోవు గిటారునకును ఇదియే క్రమము. తీగ సన్ననిది, గాలిని తానొక్కతెయే అంతగా కదల్పజాలదు. దాని అదురు గుఱ్ఱము మీదుగా పలకకు దిగి, పలక గాలిని కదల్చినపుడే నాదము మన చెవి చేరును.

ఆ పలక తేలికయై యుండవలెను. లేనిచో తీగకు లొంగదు. గట్టిదియునై యుండవలెను, ఆఱు ఉక్కుతీగలును కలిసి దానిని సుమారు 70 కిలోల బలముతో లాగుచుండును. ఈ రెండు గుణములును గలది శీతలదేశముల స్ప్రూసు మ్రాను. మన హిమాలయముల దేవదారునకు చుట్టము. దానిని సుమారు 3 మిల్లీమీటర్ల మందమున చెక్కి, అడుగున సన్నని బద్దలు అతికింతురు.

వెనుకకును ప్రక్కలకును మన జిట్టెగియు, అంతకు మించి బ్రెజిలు జిట్టెగియు శ్రేష్ఠమని ప్రతీతి. గృహోపకరణములకును వాద్యములకును నఱుకగా నఱుకగా బ్రెజిలు జిట్టెగి అరుదైపోయినది. 1992లో దాని అంతర్జాతీయ వ్యాపారమును ఒడంబడికచే నిషేధించిరి. 2017లో ఆ జాతి వృక్షములన్నిటికిని కట్టుబాట్లు వచ్చినవి. తయారైన వాద్యములకు మాత్రము 2019లో సడలింపు కలిగినది.

ఇంతకును నాదమున వెనుక మ్రాను పాలెంత? స్పెయిను శిల్పి ఆంటోనియో డి టోరెస్ 1862లో ఒక గిటారు చేసెను. ముఖమున స్ప్రూసు పలక. వెనుకయు ప్రక్కలును వట్టి అట్ట! అది బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో నున్నది. 2018లో ల్యాంకాస్టరు విశ్వవిద్యాలయము వారొక పరీక్ష ప్రకటించిరి. వెనుక, ప్రక్కల మ్రానులందు మాత్రమే భేదముగల ఆఱు గిటార్లను, మ్రాను కానరాకుండునట్లు చేసి, 52 మంది వాదకులకు ఇచ్చిరి. ప్రియమైన మ్రానునకును చవుక మ్రానునకును వారు చెప్పుకోదగిన తారతమ్యము చూపలేదు.

ఇక విద్యుత్తు జోడించిన గిటారు. కొన్ని స్ఫటికములను ఒత్తినచో విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. అట్టి గుణముగల పట్టీని గుఱ్ఱము క్రింద అమర్తురు. అది గాలిలోని నాదమును గాక, తీగల ఒత్తిడినే గ్రహించును. అందుచే పెట్టె పలుకు కొంత తగ్గి, ధ్వని పొడిగా నుండును. కొందఱు లోపల చిన్న మైక్రోఫోను కూడ పెట్టి ఆ లోటు పూరింతురు. హెలికాప్టర్లు చేయు చార్లెస్ కామన్ 1966లో గాజునారతో గుండ్రని వెనుకభాగముగల ఓవేషన్ గిటారును వెలువరించెను. ఆ వెనుకకు మ్రానే అక్కఱలేకపోయినది.

మీ మనుమడు గిటారు కొనిపెట్టుమన్నచో, వెనుక మ్రాను పేరు విని ధనము పోయకుడు. ముఖపు పలక అచ్చమైన మ్రానా, పొరలతికిన చెక్కయా విచారింపుడు; పిదప కనులు మూసికొని వినుడు. ఒక జిట్టెగి ఎదుగుటకు రెండు మూడు తరములు పట్టును. దానిని పడగొట్టుటకు కీర్తి యొక్కటియే కారణము కారాదని నా మనవి.