మంచం చుట్టూ పాఠం

(జి. కొండూరులో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో ఒక వైద్య అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)



మామిడి కోతల రోజులు. ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చి కూర్చున్నారు. అందుకని సూటిగా విషయానికి వస్తాను. డాక్టర్లు రోగిని పరీక్షించటం ఎలా నేర్చుకుంటారు, ఎవరి శరీరం మీద నేర్చుకుంటారు అన్నది ఇవాళ మాట్లాడదలచుకున్నాను. చాలా ఏళ్ళు స్త్రీల వార్డుల్లో విద్యార్థులకు ఈ పని నేర్పినదాన్ని. చెప్పబోయే తప్పుల్లో నా వాటా కూడా ఉంది.

వైద్యం పుస్తకాలు చదివితే రాదు. రోగి చెప్పేది వినటం, కళ్ళతో చూడటం, చేత్తో తాకి చూడటం, వేళ్ళతో తట్టి చూడటం, స్టెతస్కోపు పెట్టి వినటం - ఇవన్నీ మనిషి పక్కన నిలబడి నేర్చుకోవలసినవే. కడుపులో బిడ్డ తల ఎటుందో చెప్పగలగాలంటే ఎందరో గర్భిణుల పొట్ట మీద చెయ్యి వేసి చూసి ఉండాలి. రేపు మీ కోడలికి అర్ధరాత్రి నొప్పులొస్తే, అక్కడున్న డాక్టరుకి ఆ చెయ్యి తిరిగి ఉండాలి. కాబట్టి విద్యార్థులు మన దగ్గర నేర్చుకోకూడదని నేను అనను. ఎవరిని అడిగి నేర్చుకుంటున్నారన్నదే నా ప్రశ్న.

డబ్బున్న ఇంటి స్త్రీ నర్సింగ్ హోముకి పోతుంది. ఆమె మంచం చుట్టూ పదిమంది విద్యార్థులు చేరరు. బోధనాసుపత్రి జనరల్ వార్డుకి వచ్చేది కూలి చేసుకునే స్త్రీ, దళిత స్త్రీ, మొగుడు వదిలేసిన స్త్రీ. 'ఉచితంగా చూస్తున్నాం కదా, ఈ మాత్రం ఓర్చుకోలేవా' అన్నది అక్కడ పైకి అనే మాట, అనకుండా అనుకునే మాట కూడా. సర్కారు ఆసుపత్రి ఎవరి దానమూ కాదు. మన పన్నులతో నడిచేది. అందులో వైద్యం మన హక్కు. దానికి బదులుగా మన శరీరం అప్పగించాలన్న ఒప్పందం ఎక్కడా లేదు.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి ఈ తోటల వైపు నుంచే ఒకామె తెల్లబట్ట బాధతో వచ్చింది. 'మంచి కేసు, చూడండి' అన్నాను విద్యార్థులతో. ఆమె పేరు చెప్పలేదు, మంచం నంబరు చెప్పాను. తెర సగమే వేసి ఉంది. ఒకరి తరవాత ఒకరు ఐదుగురు లోపలి పరీక్ష చేశారు. ఆమె పళ్ళ బిగువున ఓర్చుకుంది. చివరికి లేచి చీర సర్దుకుంటూ, 'మా రసం కాయని బేరగాడు పదిసార్లు నొక్కితేనే ఊరుకోమండీ డాక్టరుగారూ. నన్ను ఒక్కరూ ఒక్క మాట అడగలేదు' అంది. మర్నాటికి మంచం ఖాళీ. మందులు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

ఆ రోజు నా విద్యార్థులకు గర్భసంచి గురించి ఎంత తెలిసిందో కానీ, పేద స్త్రీని అడగనక్కరలేదని మాత్రం బాగా తెలిసింది. అది నేర్పింది నేనే.

ఒకసారి తప్పుగా నేర్పితే అది తరాలపాటు నడుస్తుంది. అత్యాచారానికి గురైన స్త్రీకి చేసే 'రెండు వేళ్ళ పరీక్ష' సంగతే చూడండి. శాస్త్రీయమైన ఆధారం లేకపోయినా దాన్ని పాఠంగా చెప్పారు, నివేదికల్లో రాశారు. అది స్త్రీ గౌరవానికి, ఏకాంతానికి భంగమని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు వద్దన్నాయి. అయినా ఆగలేదు. 2022 అక్టోబరు 31న సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పవలసి వచ్చింది - ఈ పరీక్ష చేసినవారు దుష్ప్రవర్తన కింద దోషులవుతారని, వైద్య కళాశాలల పాఠ్యాంశాలను సమీక్షించి దాన్ని తొలగించాలని.

సమ్మతి గురించి కూడా చట్టం మౌనంగా లేదు. సమీరా కోహ్లీ కేసులో రోగ నిర్ధారణ కోసం మత్తు ఇచ్చిన స్త్రీకి, మత్తులో ఉండగానే తల్లి సంతకం తీసుకుని గర్భసంచి తీసేశారు. పరీక్షకు ఒప్పుకుంటే ఆపరేషనుకి ఒప్పుకున్నట్టు కాదని, ఎదిగిన స్త్రీ తరఫున తల్లి సంతకం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరి చికిత్సకు ఒప్పుకున్నంత మాత్రాన పాఠానికి ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది?

బయటి దేశాల్లోనూ ఇది పోరాడి సాధించుకున్నదే. అమెరికాలో మత్తులో ఉన్న స్త్రీల మీద విద్యార్థుల చేత లోపలి పరీక్షలు చేయించేవారు. ముందుగా రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని అక్కడి కేంద్ర ప్రభుత్వం ఆసుపత్రులకు స్పష్టం చేసింది 2024లో. 1970లలోనే కేంబ్రిడ్జి పట్టణంలోని స్త్రీల ఆరోగ్య కేంద్రం కార్యకర్తలు హార్వర్డ్ విద్యార్థులకు తామే ఈ పరీక్ష నేర్పారు. 'ఇక్కడ నొప్పిగా ఉంది, ఇలా అడుగు, ఇలా చెయ్యి పెట్టు' అని పరీక్ష చేయించుకునే స్త్రీయే చెప్పింది. అక్కడ ఆమె కేసు కాదు, పంతులమ్మ.

మన దగ్గరా మార్పు మొదలైంది. 2019లో వచ్చిన కొత్త ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళికలో వైఖరి, నీతి, రోగితో మాట్లాడే తీరు కూడా పాఠాలయ్యాయి. మనిషి మీద చెయ్యి వేసే ముందు బొమ్మల మీద నేర్చుకోవటానికి నైపుణ్య ప్రయోగశాలలు పెట్టమన్నారు. మంచిదే. కానీ కొండపల్లి పక్కన ఉన్నవాళ్ళం, బొమ్మ ఎంత అందంగా ఉన్నా బొమ్మేనని మనకు తెలుసు. దానికి నొప్పి లేదు, సిగ్గు లేదు, 'వద్దు' అనే నోరు లేదు. అడగటం బొమ్మ దగ్గర రాదు.

ఇప్పుడు వైద్య విద్యార్థులు ఊళ్ళలో కుటుంబాలను దత్తత తీసుకోవాలన్న నియమం కూడా ఉంది. రేపు వాళ్ళు మీ గుమ్మంలోకి వస్తారు. కుర్చీ వెయ్యండి, కాసిని మంచినీళ్ళివ్వండి. పాఠం మాత్రం మీరే మొదలుపెట్టండి.

ముందు తన పేరు చెప్పమనండి, మీ పేరు అడగమనండి. 'నువ్వు' అంటే 'మీరు' అనమనండి. తాను విద్యార్థినని, ఏం చెయ్యబోతున్నాడో, ఎందుకో మీకు తెలిసే మాటల్లో చెప్పమనండి. వార్డులో తెర పూర్తిగా వేయమనండి. పరీక్షించేది మగవాడైతే పక్కన ఒక స్త్రీ ఉండాలనండి. మీరు వద్దంటే వైద్యం ఆగకూడదు, మాట విసురు పెరగకూడదు. ఒకరు చూశాక చాలనిపిస్తే చాలనండి.

సంఘాల్లో పనిచేసే మిత్రులకు ఒక మాట. ఆసుపత్రికి స్త్రీలను తీసుకెళ్ళినప్పుడు మందులున్నాయా, మంచం దొరికిందా అని చూస్తాం. ఆమెను అడిగారా లేదా అని కూడా చూద్దాం. అడగకపోతే సూపరింటెండెంటుకి కాగితం రాసిద్దాం.

అడిగితే ఒప్పుకోరేమోనని మా అధ్యాపకులు భయపడతారు. ఆ తరవాత నేను అడిగి చూశాను. చాలామంది ఒప్పుకున్నారు. 'నేర్చుకో నాయనా, రేపు ఇంకో ఆడదానికి పనికొస్తుంది' అన్న తల్లి కూడా ఉంది. ఆ మాట అనే అవకాశం నేను ఆ మొదటామెకు ఇవ్వలేదు.