స్టిక్కరే కదా అనుకున్నాం

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



జమా ఖర్చుల లెక్క ఇప్పుడే విన్నారు. బకాయిల దగ్గర ఒక సంఘం పేరు చదివినప్పుడు కొందరు మా వైపు చూశారు. అవును, అది మా సంఘమే. కార్యవర్గంలో ఉండి మేమే బకాయి పడ్డాం. ఎందుకు పడ్డామో దాచకుండా చెప్పాలనే ఈ పావుగంట అడిగి తీసుకున్నాం.

మేం నలుగురం కలిసి రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాం. పెట్టుబడి సంఘం అప్పే. మిరప సంగతి మీకు తెలియనిది కాదు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మన వైపు తోటలను దెబ్బతీసిన దగ్గర్నుంచి, పూతలో నాలుగు పురుగులు కనబడితే చాలు గుండె జారిపోతుంది. మేమూ అలాగే పరిగెత్తాం కొట్టుకి. రెండు రకాల మందులు, ఒక టానిక్కు ఇచ్చారు. పైన ఇంకో చిన్న సీసా పెట్టారు. ఇదేంటని అడిగితే, “స్టిక్కరమ్మా, ఆకుకి మందు అంటుకోడానికి. ఇది మందు కాదు, ఏమీ కాదు” అన్నారు. ఎంత వెయ్యాలంటే, “ట్యాంకుకి మూతెడు” అన్నారు.

నీళ్లు మోసింది, మందు కలిపింది మేమే. అన్నీ ఒకే డ్రమ్ములో కలిపి ఎండ వేళ కొట్టించాం. మూడో రోజుకి చిగుళ్లు మాడాయి. వారం తిరిగేసరికి పూత రాలింది. కలిపిన ఇద్దరికీ చేతులు మండి, రెండు రోజులు అన్నం కలుపుకోలేకపోయారు.

వ్యవసాయాధికారి వచ్చి చూశారు. నాలుగు రకాలు కలిపి ఎండలో కొట్టారు, ఏది మాడ్చిందో చెప్పలేం అన్నారు. బిల్లు తెమ్మన్నారు. బిల్లులో మందుల పేర్లున్నాయి గానీ స్టిక్కరు లేదు. సీసా తెమ్మన్నారు. దాని మీద ఇంగ్లీషులో గొప్పలు బోలెడున్నాయి గానీ, లోపల ఏముందో లేదు, ఎంత వెయ్యాలో తెలుగులో లేదు. ఫిర్యాదు రాద్దామంటే కాగితం మీద పెట్టడానికి ఏమీ మిగల్లేదు. తప్పంతా స్టిక్కరుదేనని మేం అనడం లేదు. ఎండలో కొట్టడం మా తప్పు. కానీ ఎవరి తప్పు ఎంతో తెలుసుకునే దారే లేకుండా పోయింది. మా బాధ అది.

ఇంతకీ స్టిక్కరంటే ఏంటి? మనకి కొత్తదేం కాదు. వేపనూనె నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. అందుకే సబ్బు నీళ్లో, కుంకుడు రసమో కలుపుతాం. ఉమ్మడి రాష్ట్రంలో పురుగుమందులు లేని సేద్యం మన మహిళా సమాఖ్యల ద్వారా నడిచిన రోజుల నుంచి ఈ పని మన చేతుల మీదుగా జరుగుతూనే ఉంది. క్యాబేజీ ఆకు మీద నీటిబొట్టు ముత్యంలా జారిపోతుంది చూడండి. సబ్బు కలిస్తే ఆ బొట్టు పరుచుకుంటుంది. కొట్లో స్టిక్కరు చేసే పని కూడా అదే. బాగా పరుచుకుంటే మందు వృథా కాదు. నిజమే. కానీ అదే కారణంగా మందు ఆకులోకి ఎక్కువగా దిగుతుంది. మోతాదు మించితే ఆకును మాడ్చేదీ, మన చర్మం మీద జిడ్డును కడిగేసి మందుకి దారిచ్చేదీ ఆ గుణమే. “ఏమీ కాదు” అన్న మాట అందుకే తప్పు.

విడిగా అమ్మేదే కాదు, మందు డబ్బాలో ముందే కలిపినవి కూడా ఉంటాయి. గడ్డిమందు గ్లైఫోసేట్ డబ్బా మీద 41 అని ఉంటుంది. అంటే నూటికి 41 పాళ్లు అసలు మందు. మిగతా 59 పాళ్లేంటి? నీళ్లు కొన్ని, ఆకులోకి దించే సబ్బులాంటి పదార్థాలు కొన్ని. వీటికి ఇంగ్లీషులో “ఇనర్ట్” అని పేరు పెట్టారు, జడ పదార్థాలు అని అర్థం. పేరు జడమే గానీ పని జడం కాదు. గ్లైఫోసేట్‌లో ఎక్కువగా వాడుతూ వచ్చిన పి.ఓ.ఇ.ఎ. అనే పదార్థం, నీళ్లలో ఉండే చేపలకీ కప్పలకీ అసలు మందుకంటే ఎక్కువ విషమని తేలింది. 2016లో యూరప్ దేశాల కూటమి దాన్ని గ్లైఫోసేట్‌లో కలపకూడదని నిషేధించింది. మన దేశంలో 2022 అక్టోబరులో కేంద్రం గ్లైఫోసేట్‌ను లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే కొట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. మరి మన గట్ల మీద ఎవరు కొడుతున్నారో మీకే తెలుసు.

మన దేశంలో పురుగుమందులకి 1968 నాటి చట్టం ఉంది. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో త్రిభుజం గుర్తు ఆ చట్టం కింద వచ్చిందే. లేబులు, లోపలి కాగితం అమ్మే ప్రాంతపు భాషలో కూడా ఉండాలని దాని రూల్సులోనే ఉంది. కానీ స్టిక్కరు పురుగును చంపుతానని చెప్పదు. అందుకే విడిగా అమ్మే సీసా మీద ఆ త్రిభుజం కనబడదు. మేం పడ్డది సరిగ్గా ఆ సందులోనే.

ఈ సందు మన దగ్గరే ఉందా అని అడిగి తెలుసుకున్నాం. అమెరికాలో కూడా ఉంది. అక్కడ విడిగా అమ్మే స్టిక్కర్లకి దేశం మొత్తానికి రిజిస్ట్రేషను అక్కర్లేదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాలు మాత్రం చేయించుకోవాల్సిందే అన్నాయి. ఈ సరుకు తయారుచేసే, అమ్మే కంపెనీలకి అక్కడ ఒక సంఘం ఉంది. పేరు కౌన్సిల్ ఆఫ్ ప్రొడ్యూసర్స్ అండ్ డిస్ట్రిబ్యూటర్స్ ఆఫ్ ఆగ్రోటెక్నాలజీ. మనలాగే వాళ్లూ మీటింగులు పెట్టుకుంటారు. ప్రభుత్వం రూలు మార్చబోతోందంటే ముందుగా వెళ్లి తమ మాట చెబుతారు. స్టిక్కరు వల్ల మందు పక్క పొలానికి కొట్టుకుపోదు, వృథా తగ్గుతుంది అంటారు. కొత్త పదార్థాలకి అనుమతి త్వరగా రావాలంటారు. మా తయారీ రహస్యం బయటపెట్టమంటే వ్యాపారం పోతుందంటారు. తమ సరుకుకి తామే ప్రమాణాలు పెట్టుకుని ముద్ర వేసుకునే పద్ధతి కూడా తెచ్చుకున్నారు. అది ఇష్టమున్న కంపెనీకే, తప్పనిసరి కాదు.

వాళ్ల మాటల్లో కొన్ని నిజాలే. మన కుంకుడు రసం కథ కూడా అదే చెబుతుంది. కానీ వాళ్ల మాట ఒక్కటే వినబడితే రూలు వాళ్ల వైపే వంగుతుంది. అవతలి వైపు వాళ్లు అడిగినప్పుడు కొంత కదిలింది కూడా. జడ పదార్థం అంటే జనం హాని లేనిదని అనుకుంటున్నారని, 1997లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లేబులు మీద ఆ మాట బదులు “ఇతర పదార్థాలు” అని వేయమని కంపెనీలను ప్రోత్సహించింది. 2022లో అక్కడి పురుగుమందుల రిజిస్ట్రేషను ఫీజుల చట్టాన్ని తిరగరాసేటప్పుడు, కంపెనీల సంఘాలతో పాటు పొలం కూలీల తరఫు సంస్థలు కూడా ఆ చర్చల్లో కూర్చున్నాయి. ఫలితంగా మందు డబ్బాల మీద జాగ్రత్తలు స్పానిష్ భాషలో కూడా ఉండాలని చట్టంలోకి వచ్చింది. అక్కడ పొలాల్లో చెమటోడ్చే చాలామంది భాష అది. అడిగినవాళ్లకి దొరికింది.

మన చట్టం మార్చడానికి 2020లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు, పార్లమెంటు కమిటీకి పంపారు. అలాంటి కమిటీలకి కంపెనీల వాళ్లు కాగితాలు పట్టుకుని వెళతారు. నీళ్లు మోసి, మందు కలిపి, మందు పడ్డ చీరలు ఉతికే మనం ఎప్పుడైనా వెళ్లామా? పొదుపులో, అప్పులో మన సంతకానికి విలువ ఉంది. ఈ విషయంలో కూడా ఉంటుంది, పెడితే.

అందుకని మీ ముందు నాలుగు మాటలు పెడుతున్నాం.

ఒకటి: మన సమాఖ్య నడిపే ఎరువుల దుకాణానికి స్టిక్కర్లు పెట్టమని మనిషి వచ్చాడు, కమీషన్ బాగా ఇస్తానన్నాడు. లోపల ఏముందో, లీటరు నీళ్లకి ఎన్ని మిల్లీలీటర్లో తెలుగులో రాసి లేని సీసా మన దుకాణంలో పెట్టొద్దు. కమీషన్ పోతుంది. పోనివ్వండి.

రెండు: బయట ఎక్కడ కొన్నా స్టిక్కరు పేరు కూడా బిల్లులో రాయించుకోవాలి. ఖాళీ సీసా పంట చేతికొచ్చేదాకా పిల్లలకి అందకుండా దాచాలి.

మూడు: మూత కొలత మానేయాలి. గ్రామ సంఘానికో కొలత గ్లాసు, రెండు జతల గ్లౌజులు సమాఖ్య ఇస్తుంది. ఏ కొత్త స్టిక్కరైనా ముందు ఒక సాలు మీద సాయంత్రం పూట కొట్టి, మూడు రోజులు చూసి, తర్వాతే తోటకి.

నాలుగు: విడిగా అమ్మే స్టిక్కర్ల మీద కూడా తెలుగు లేబులు, లోపలి పదార్థాల పేర్లు ఉండాలని వ్యవసాయ శాఖకి, మన ఎంపీకి సమాఖ్య తరఫున అర్జీ. ఏ సంఘం పేరు వదలకుండా అందరి సంతకాలూ కావాలి.

మా బకాయి మాఫీ చెయ్యమని అడగడం లేదు. వాయిదాలు పెంచితే వచ్చే సంక్రాంతికల్లా కట్టేస్తాం. మా అప్పు తీరుతుంది గానీ, ఆ సీసా ఇంకో సంఘం తోటలోకి ఇలాగే వెళ్లకూడదు. ఆ అర్జీ కాగితం ఇదిగో, ఇక్కడే ఉంది. ముందు మా నలుగురి సంతకాలూ పెట్టాం. కింద చోటుంది. భోజనాలకి లేచేలోపు తీర్మానం మీద చేతులెత్తి, ఒక్కొక్కరే వచ్చి సంతకం పెట్టండి.