నకలు తీయు విద్య

సి.పి. అను రెండక్షరములు వినగానే తెలుగువారి మనస్సున మెదలు మూర్తి బ్రౌనుదొర. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. ఆ పిమ్మట అచ్చట బంగళా కొని, పండితులను చేరదీసి, స్వంత ధనముతో జీతములిచ్చి, శిథిలమగుచున్న తాటాకు గ్రంథములకు నకళ్లు వ్రాయించెను. నేడు మేము ప్రస్తావింపబూనిన సి.పి. వేరు. ఇది మనిషి కాదు. కంప్యూటరునకు మనమిచ్చు ఒక ఆజ్ఞ. కాపీ అను ఆంగ్లపదమును కుదించి ఈ రెండక్షరములు చేసిరి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్సు అను వ్యవస్థను నిర్మించిరి. 1971 నవంబరులో వెలువడిన దాని మొదటి కరదీపికలోనే ఈ ఆజ్ఞ కలదు. అర్ధశతాబ్దము గడచినను, లినక్సు, మాక్ యంత్రములలో నేటికిని అది అదే పేరుతో అదే పని చేయుచున్నది.

ఈ సి.పి.యు, ఆ సి.పి.యు చేసిన పని ఒక్కటే: నకలు. కాని రెంటికిని నడుమ ఒక భేదము కలదు. దానిని గుర్తింపక మేము ఒక పాటను పోగొట్టుకొనబోయితిమి. ఆ కథ చెప్పుటకు ముందు ఆజ్ఞ స్వరూపమును కొంచెము వివరింపవలెను. రేడియోలో తెర చూపుటకు వీలులేదు గనుక మాటలతోనే చెప్పెదము.

కంప్యూటరులో బొమ్మలపై నొక్కి పని చేయించుట అందరెరిగినదే. అట్లుగాక, నల్లని తెరపై అక్షరములు కొట్టి పని చెప్పు పద్ధతి మరియొకటి కలదు. దానిని కమాండు లైను అందురు. అందు ముందుగా సి.పి. అని కొట్టి, కొంత ఎడము విడిచి, నకలు తీయవలసిన ఫైలు పేరు వ్రాసి, మరల ఎడము విడిచి, చేర్చవలసిన చోటు వ్రాయవలెను. మూలము ముందు, గమ్యము వెనుక. ఈ వరుస తారుమారైనచో నకలు వచ్చి మూలముపై కూర్చుండును.

డైరెక్టరీ అనగా ఫైళ్లను దాచు పెట్టె. పెట్టెలో మరియొక పెట్టె, దానిలో ఇంకొకటి ఉండవచ్చును. వట్టి సి.పి. అని చెప్పినచో ఆ ఆజ్ఞ పెట్టెను ముట్టదు. ఇది డైరెక్టరీ, విడిచితిని అని తెలిపి ఊరకుండును. లోపలి పెట్టెలతో సహా తెమ్మనుటకు సి.పి. పిమ్మట ఒక అడ్డగీత గీసి, ఆర్ అను అక్షరము చేర్చవలెను.

ఇక మా కథ. మాది సికింద్రాబాదున అల్వాలు. మా అమ్మగారు చివరి సంవత్సరములలో ఇంటి వసారాలో కూర్చుండి తనకు వచ్చిన పాటలన్నియు పాడిరి. మంగళహారతులు, లాలిపాటలు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు అందు కలవు. కొన్ని పాటల నడుమ అల్వాలు స్టేషను వైపునుండి రైలు కూతయు వినవచ్చును. మొదట చిన్న రికార్డరుతో 40 పాటలు, ఆ పిమ్మట సెల్‌ఫోనుతో 23 పాటలు పట్టితిమి. రెండుమారులును ఒకటవ పాట, రెండవ పాట అని వరుస అంకెలే పేర్లుగా పెట్టితిమి. పాత కంప్యూటరులో ఇవి రెండు డైరెక్టరీలుగా ఉండెను.

అమ్మగారు గతించిన తరువాత క్రొత్త డిస్కు కొని, అమ్మ పాటలు అని ఒక డైరెక్టరీ చేసి, మొదటి పెట్టెలోని పాటలన్నియు దానిలోనికి నకలు తీసితిమి. రెండవ పెట్టెలోనివియు అందే చేర్చితిమి. యంత్రము మారుమాట పలుకలేదు. తెరచి చూడగా 40 పాటలు కనబడెను. 40 అను అంకె మాకు పరిచితమే గనుక తృప్తిపడితిమి. 63 ఉండవలెనను ఆలోచన ఆ క్షణమున మాకు తోచలేదు. ధ్వనులు భద్రపరచు కొలువులో ఇన్నేండ్లుగా ఉన్న మాకే ఇట్లు జరిగినది.

కొన్ని నెలలకు మా చెల్లెలు ఫోను చేసినది. కుమార్తె పెండ్లిలో అమ్మ పాడిన అప్పగింతల పాట వినిపింపవలెనని ఆమె కోరిక. అది మొదటి వరుసలో ఏడవ పాట. తెరచి వినగా లాలిపాట వచ్చినది. పేరు అదే, పాట వేరు. రెండవ పెట్టెలోని 23 పాటలును, అవే పేర్లుగల మొదటి 23 పాటలపై కూర్చున్నవి. క్రిందివి చెరిగిపోయినవి. బొమ్మలపై నొక్కి తీసివేసిన ఫైలు చెత్తబుట్టలో కొన్నాళ్లయినను దొరకును. ఇట్లు పైన మరియొకటి వ్రాయబడిన ఫైలు చెత్తబుట్టలోనికి చేరదు.

పాత కంప్యూటరును పాత సామానుల వానికి ఇచ్చివేయుటకు గుమ్మము దగ్గర పెట్టి వారమైనది. వాడు రాలేదు. ఆ వారము వాడు రాకపోవుటయే మా అదృష్టము.

పూర్వము మన లేఖకులు గ్రంథమును ముగించునపుడు చివర ఒక విన్నపము వ్రాసెడివారు. చూచినది చూచినట్లు వ్రాసితిని, తప్పొప్పులకు బాధ్యత నాది కాదని దాని భావము. యంత్రములోని సి.పి. అట్టి లేఖకుడు. చెప్పినది చెప్పినట్లు చేయును; చెప్పని జాగ్రత్త తీసికొనదు. గంటముతో వ్రాయు లేఖకునకు, వ్రాసియున్న ఆకు కంటబడినచో, దీనిపై వ్రాయమందురా అని అడుగు ఇంగితమైనను ఉండెడిది. యంత్రమునకు ఆ ఇంగితమును మనమే నేర్పవలెను. అడ్డగీత గీసి ఐ అను అక్షరము చేర్చినచో, అదే పేరుగల ఫైలు అచ్చట నున్నపుడు, పైన వ్రాయుదునా అని అడుగును. ఎన్ అను అక్షరము చేర్చినచో, ఉన్నదానిని ముట్టక విడిచివేయును. మేము ఆనాడు ఐ అను ఒక్క అక్షరము కొట్టియుండినచో 23 మారులు ప్రశ్న వచ్చియుండెడిది. మొదటి ప్రశ్నకే మేల్కొనియుందుము.

మరియొక చిక్కు కలదు. ఒకే ఆజ్ఞను రెండుమారులిచ్చినను ఫలితము ఒక్కటి కాకపోవచ్చును. పాటల డైరెక్టరీని నకలు అను పేరుగల చోటికి తెమ్మని చెప్పితిమనుకొనుడు. నకలు అను డైరెక్టరీ అచ్చట లేనిచో దానిని క్రొత్తగా చేసి, పాటలను అందుంచును. ఇదివరకే ఉన్నచో, దాని లోపల పాటలు అను మరియొక పెట్టెను చేసి, అందుంచును. రెండవ మారు ఆజ్ఞ ఇచ్చి, పైపెట్టెలో పాత నకళ్లనే చూచి, క్రొత్త పాటలు రాలేదని కంగారుపడువారు పెక్కురు. అవి పెట్టెలోని పెట్టెలో ఉండును. కావున ఆజ్ఞ ఇచ్చుటకు ముందు గమ్యమున ఏమున్నదో చూచుకొనవలెను.

ఇంకొక సంగతి తేదీలది. వట్టి సి.పి.తో తీసిన నకలుకు, నకలు తీసిన నాటి తేదీయే పడును. అమ్మగారు ఏ సంక్రాంతినాడు ఏ పాట పాడిరో ఫైలు తేదీనిబట్టి తెలియవలసినది, అది పోవును. తాళ్లపాకవారి రాగిరేకులను తలచుకొనుడు. కీర్తనలు నిలిచినవి, రాగముల పేర్లును నిలిచినవి. స్వరములు రేకులకెక్కలేదు గనుక ఆనాటి బాణీ మనకు దక్కలేదు. నకలునకెక్కనిది మిగులదు. సి.పి. తరువాత అడ్డగీత గీసి ఏ అను ఆంగ్లాక్షరము చేర్చినచో, లోపలి పెట్టెలతోను తేదీలతోను సహా ఉన్నదున్నట్లు తెచ్చును. ఇంటి జ్ఞాపకములకు ఇది ఉత్తమము.

ఇక ఇద్దరు సి.పి.ల నడుమ మేము చెప్పదలచిన భేదము. బ్రౌనుదొర 1829లో వేమన పద్యములను అచ్చు వేయించుటకు పూర్వము ఏ ఒక్క ప్రతినీ నమ్మలేదు. పలు ప్రతులు సేకరించి, ఒకదానితో నొకటి పోల్చి చూచెను. నకలు వ్రాయించుటతో ఆయన పని ముగియలేదు, పోల్చుటతో ముగిసినది. యంత్రములోని సి.పి. నకలుతోనే ముగించును. పోల్చుట మన వంతు.

దానికిని ఆజ్ఞ కలదు. డిఫ్ అని కొట్టి, అడ్డగీతతో ఆర్ చేర్చి, మూలము పేరు, నకలు పేరు చెప్పినచో రెండు పెట్టెలను ఫైలునకు ఫైలుగా పోల్చును. తేడా యున్నచో చెప్పును. లేనిచో ఏమియు పలుకదు. ఆ మౌనము వినిన తరువాతనే మూలమును వదలుకొనవలెను. విండోసు యంత్రములలో ఆజ్ఞల పేర్లు వేరు. నియమము మాత్రము ఇదే.

మేము పాత కంప్యూటరును గుమ్మమునుండి మరల లోనికి తెచ్చి, రెండు వరుసలను రెండు వేరు డైరెక్టరీలుగా, తేదీలతో సహా, రెండు డిస్కులకు నకలు తీసితిమి. డిఫ్ ఆజ్ఞతో పోల్చితిమి. ఏమియు పలుకలేదు. అయినను లెక్కించితిమి: 40, 23, మొత్తము 63. ఒక డిస్కు అల్వాలున మాయొద్ద నున్నది. రెండవది చెల్లెలి యింటికి పంపితిమి, ఒక యింటికి ఆపద వచ్చినను రెండవ యింట పాట నిలుచును గదా.

పెండ్లిలో అప్పగింతలవేళ ఏడవ పాట వినిపించిరి. పాట నడుమ రైలు కూసినది. మా చెల్లెలు మమ్ము చూచి, అల్వాలు రైలన్నయ్యా అనినది.