మాధ్యమిక విద్యా పథకాలు: అధికారి చూపు

విద్యాహక్కు చట్టం పిల్లవాణ్ణి పద్నాలుగేళ్లు వచ్చేదాకా, అంటే దాదాపు ఎనిమిదో తరగతి దాకా చూసుకుంటుంది. తొమ్మిది, పది తరగతుల భారం పథకాల మీద పడింది. 2009లో వచ్చిన రాష్ట్రీయ మాధ్యమిక శిక్షా అభియాన్ ప్రతి ఆవాసానికీ 5 కిలోమీటర్ల లోపు ఉన్నత పాఠశాల ఉండాలంది. 2018లో అది సమగ్ర శిక్ష పథకంలో కలిసిపోయింది. 2022లో తెలంగాణ ప్రభుత్వం 'మన ఊరు - మన బడి' కింద 26,065 బడులను మూడేళ్లలో బాగుచేయాలని తలపెట్టింది. 2024లో మరమ్మతుల బాధ్యతను అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పేరుతో మహిళా సంఘాలకు అప్పగించారు.

ఈ పథకాలు ఏ కుర్చీలోంచి చూస్తే ఆ రూపంలో కనిపిస్తాయి. రాష్ట్ర స్థాయిలో పథకమంటే లక్ష్యం. జిల్లా విద్యాశాఖాధికారికి అది నిధులు, వినియోగ పత్రాలు. మండల విద్యాధికారికి తనిఖీ, నివేదిక. ప్రధానోపాధ్యాయుడికి నీళ్లు రాని మరుగుదొడ్డి, ఖాళీగా ఉన్న గణితం పోస్టు. ఎవరూ అబద్ధం చెప్పరు, ఎవరికి కనిపించింది వారు రాస్తారు.

2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. మేడ్చల్ 44వ నంబరు జాతీయ రహదారి మీద, శామీర్‌పేట రాజీవ్ రహదారి మీద ఉన్నాయి. పటం మీద కొలిస్తే ఇక్కడ బడి దూరమేమీ కాదు. కానీ లారీలు ఆగని రోడ్డు దాటి ఆడపిల్లను పంపాల్సిన తల్లికి దూరం కిలోమీటర్లలో ఉండదు.

లెక్కల తేదీ మరో చిక్కు. బడి గణాంకాలకు చాలా ఏళ్లు సెప్టెంబరు 30నే ప్రమాణంగా తీసుకున్నారు. పశ్చిమ ఒడిశా నుంచి నగర శివార్ల ఇటుక బట్టీలకు కుటుంబాలు వచ్చేది దసరా, దీపావళి దాటాక. వేసవి చివర తిరిగిపోతాయి. చిన్నపిల్లలకు పని స్థలాల్లోనే బడులు పెట్టిన సందర్భాలున్నాయి. పదమూడు, పద్నాలుగేళ్లవాళ్లు మాత్రం తమ్ముణ్ణి ఎత్తుకునో, ఇటుకలు తిరగేస్తూనో బట్టీలోనే ఉండిపోతారు. సెప్టెంబరు లెక్కలో వారు లేరు కాబట్టి, ఆ లెక్కన చూస్తే బడి మానేసినవారూ కారు.

డబ్బు విషయంలోనూ అంతే. మాధ్యమిక శిక్షా అభియాన్ బడికి ఏటా 50,000 రూపాయల గ్రాంటు నిర్ణయించింది. కరెంటు బిల్లు, ప్రయోగశాల సామాన్లు, గ్రంథాలయ పుస్తకాలు అన్నీ అందులోనే చూసుకోవాల్సి వచ్చేది. చిన్న మొత్తమే అయినా ఖర్చు చేసే అధికారం బడి కమిటీకి ఉండేది. ఏ గ్రాంటైనా జూన్‌లో అందితే పాఠానికి పనికొస్తుంది, మార్చిలో అందితే బిల్లులకే సరిపోతుంది. పైగా తెలంగాణలో ఏళ్ల తరబడి చాలా మండలాల్లో మండల విద్యాధికారి బాధ్యత ఇన్‌చార్జిగా ఉన్న ప్రధానోపాధ్యాయులదే. సొంత బడి నడుపుతూనే మండలంలోని బడులన్నీ చూడాలి.

అందువల్ల కావలసింది మరో కొత్త పేరు కాదు. సంక్రాంతి తర్వాత రెండో లెక్క, బడి తెరిచే నెలలోనే గ్రాంటు, మండలానికొక పూర్తికాలపు అధికారి: ఈ మూడూ సమకూరితే ఉన్న పథకాలే చాలావరకు ఫలిస్తాయి.